మన్రో దొర లెక్కలు - కూలీవాడి లెక్క

పత్తికొండలో, గుత్తిలో, కడప జిల్లా గండి క్షేత్రం దగ్గర, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో... మన సీమలో ఎక్కడికి పోయినా పెద్దల నోట ఒక తెల్లదొర పేరు వినబడుతుంది. పూర్వం ఈ ప్రాంతంలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు వున్నారు. గండి దగ్గర రెండు కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందనీ, అది కనిపించినవాడు ఎన్నాళ్లో బతకడనీ ఒక కథ. మంత్రాలయంలో మఠం ఇనాము సంగతి తేల్చడానికి వచ్చినప్పుడు రాఘవేంద్రస్వామే బృందావనంలోంచి ఆయనతో మాట్లాడాడని ఇంకో కథ. శిస్తు వసూలుచేసిన కలెక్టరును జనం దేవుళ్ల పక్కన నిలబెట్టారంటే, ఆయనకు ముందూ వెనకా వచ్చినవాళ్లు ఎంత పీడించారో వూహించుకోవచ్చు.

కథలు కథలుగానే వుండనిద్దాం. సర్ థామస్ మన్రో జీవితాన్ని మేము ఇక్కడ రాయడానికి కారణం వేరే వుంది. దత్త మండలాలనే మన ప్రాంతాన్ని ఆయన పొలం పొలంగా కొలిచాడు, మనుషుల్ని తలకట్టున లెక్కేశాడు, బడులు లెక్కపెట్టించాడు. సమాజం ఎట్లా నడుస్తుందో, అధికారం ఎట్లా నిలబడుతుందో అంకెలతో తెలుసుకోవచ్చునని ఆయన నమ్మాడు. ఆ అంకెలు ఇప్పటికీ వున్నాయి. దొర అడిగిన ప్రశ్నల్ని పక్కనబెట్టి, మన ప్రశ్నలు అడిగితే అవే అంకెలు మనకు ఏం చెబుతాయో చూడాలన్నది మా వుద్దేశం.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్నంలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసే వర్తకుడు. కొడుకు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గణితం, రసాయన శాస్త్రం చదువుకున్నాడు. ఇంతలో అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడ్డాయి. ఆ యుద్ధంలో తండ్రి వ్యాపారం దివాలా తీసింది. లెక్కలు చదివిన కుర్రవాడు బతుకుతెరువు కోసం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఒక వలస పోగొట్టుకున్న ఇంటి పిల్లవాడు ఇంకో వలసను నిలబెట్టడానికి వచ్చాడన్న మాట. మొదటి మూడేళ్లూ పుస్తకమో, తూటాల సంచో తలకింద పెట్టుకుని పడుకున్నానని ఆయనే తర్వాత ఇంటికి రాసుకున్నాడు. హైదరాలీతో జరిగిన యుద్ధంలో పనిచేశాడు. 1792 నుంచి సేలం వైపు బారామహల్‌లో కెప్టెన్ రీడ్ కింద భూమి కొలతలు, శిస్తు నిర్ణయం నేర్చుకున్నాడు. తర్వాత కొన్నాళ్లు కెనరాలో కలెక్టరు.

1800 అక్టోబరులో నిజాం నవాబు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. తనను కాపాడే ఇంగ్లీషు పటాలం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, ఇప్పటి కర్నూలు జిల్లాలో కొంత భాగం రాసిచ్చేశాడు. అడిగినవాడు లేడు, అడిగే హక్కు రైతుకు లేదు. వాటికే దత్త మండలాలని పేరు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా మన ప్రాంతాన్ని అట్లాగే పిలిచారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కర్నూలు పట్నమూ, దాన్ని ఆనుకుని వున్న మా కల్లూరూ అప్పుడు కర్నూలు నవాబు ఏలుబడిలో వున్నాయి. నవాబు కంపెనీకి కప్పం కట్టేవాడు. అందుచేత మన్రో గొలుసు పత్తికొండ పొలాల్లో పడింది, కల్లూరు పొలాల్లో పడలేదు.

మన్రో వచ్చేనాటికి దత్త మండలాల్లో ఎనభైమంది దాకా పాలెగాళ్లు, వాళ్ల కింద ముప్ఫైవేలమంది ఆయుధాలు పట్టిన బంట్లు వున్నారు. ఆయన వాళ్లమీదికి సైన్యాన్ని నడిపించిన మాట నిజమే. అయితే అంతకంటే ఎక్కువగా ఆయన వాడిన ఆయుధం శిస్తు. పాలెగాడు కట్టవలసింది కట్టలేనంతగా పెంచితే వాడు బంట్లను పోషించలేడు. బంట్లు లేని పాలెగాడు వుట్టి పెద్దరైతు. ఈ కూడికా తీసివేతా ఆయనకు బాగా తెలుసు. పాలేలు పోగొట్టుకున్న కుటుంబాలకు పింఛన్లు మిగిలాయి, అవీ తరం తరానికీ పంపకాల్లో చిక్కిపోయాయి. 1846లో కోయిలకుంట్ల ఖజానామీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి భాగానికి వచ్చింది నెలకు 11 రూపాయల చిల్లర.

1802లో సర్వే మొదలైంది. కొలత తెలిసినవాళ్లు అప్పటికి నలుగురు గుమాస్తాలు మాత్రమే. వాళ్లతో మొదలుపెట్టి, మిగతావాళ్లకు నేర్పించి, సంఖ్యను వందకు పెంచారు. చేతిలో 33 అడుగుల గొలుసు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు వున్న జాగా 1,089 చదరపు అడుగులు. అట్లాంటివి నలభై కలిస్తే 43,560, అంటే సరిగ్గా ఒక ఎకరా. ఊరి రెడ్డి, కరణం, రైతులు కూచుని నేలను తరాలుగా విడదీసేవారు. నల్లరేగడి ఒక తరం, ఎర్రనేల ఒక తరం, గరుసు ఇంకో తరం. తరానికింత పంట, పంటకింత ధర, ధరలో సర్కారు వాటా ఇంత. మన్రో ఏడేళ్లలో ఎక్కువకాలం డేరాల్లోనే గడిపాడు. వూరూరూ తిరగందే జమాబందీ చేయకూడదన్నది ఆయన నియమం. ఈ కష్టాన్ని మనం తక్కువ చెయ్యనక్కర్లేదు. కచేరీలో కూచుని అంకెలు పుట్టించే అధికారుల్ని చాలామందిని చూశాం మనం.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక వుంది. పొలం పొలానికీ వచ్చిన అంకెలన్నీ కూడుకుంటూ పైకి పోయాక, పాత ప్రభువుల కాలంలో ఎంత వసూలైందో పోల్చి చూసి మొత్తం ఎంత వుండాలో కలెక్టరు తేల్చేవాడు. తర్వాత ఆ మొత్తానికి సరిపడేట్టు కిందికి దించుకుంటూ వచ్చేవారు. అంటే గొలుసు కింద నుంచి పైకి పోయింది, శిస్తు పై నుంచి కిందికి దిగింది.

ఆయన కట్టిన రేటు మొత్తం పంటలో నూటికి సుమారు 45 వంతులు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో కాదు, కళ్లంలో పడిన గింజ మొత్తం మీద. ఉదాహరణకు పది బస్తాల జొన్నలు పండే మెట్టచేను తీసుకోండి. నాలుగున్నర బస్తాల విలువ సర్కారుకు. మిగిలిన అయిదున్నరలో విత్తనం, ఎడ్లకు మేత, గొర్రూ గుంటకా చేయించుకున్న వడ్రంగి కమ్మరులకు ఇవ్వవలసింది, కూలి, తిండి అన్నీ. శిస్తు రూపాయల్లో నిర్ణయమైంది గనుక మరుసటేడు వాన తప్పి అయిదు బస్తాలే పండితే? అదే ధరకైతే రైతుకు మిగిలేది అర బస్తా. కరువేట ధర పెరుగుతుంది గదా అనవచ్చు. పెరిగిన ధర అమ్ముకునేవాడికి లాభం, కొనుక్కు తినేవాడికి దెబ్బ. పోనీ పంట బాగా పండి ధర నాలుగోవంతు పడిపోయిందనుకోండి, అదే శిస్తు కట్టడానికి నాలుగున్నరకు బదులు ఆరు బస్తాలు అమ్ముకోవాలి. పది, అయిదు కలిపి సగటు కడితే ఏడున్నర వస్తుంది. కాగితం మీద ఏడున్నర బాగానే కనబడుతుంది. కానీ ఏ రైతూ ఏ ఏడూ సగటు తిని బతకడు. వానలు ఏటేటా అటూ ఇటూ అయ్యే మన మెట్టలో సగటు అంకె ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా అక్కర్లేదు. ఇవాళ పంటల బీమాలోనూ ఇదే తంటా. నా చేను ఎండినా, ప్రాంతం మొత్తం సగటు దిగుబడి పడిపోతేనే పరిహారం.

పంట పోయిన ఏడు తగ్గింపు ఇచ్చే వీలు వుండేది. అది కలెక్టరు దయ, కింది నౌకర్ల రాత. దానికితోడు ఊళ్లో ఒకడు కట్టలేక పారిపోతే, ఆ లోటును మిగతా రైతులు తమ శిస్తులో పదోవంతు దాకా పూడ్చాలన్న షరతు ఒకటి. నాలుగున్నర బస్తాలు కట్టవలసినవాడు దాదాపు అయిదు కట్టాలి. రైతుకూ సర్కారుకూ నడుమ దళారీ లేడని రైత్వారీని పొగుడుతారు. మాట నిజమే. దళారీ లేడు గానీ, పొరుగువాడి పీకకు పొరుగువాడి తాడు తగిలించి వుంది.

వసూలు సంగతి చూస్తే, మన్రో వచ్చినప్పుడు దత్త మండలాల భూమి శిస్తు 10,06,593 స్టార్ పగోడాలు. ఏడేళ్లకు అది 15,17,272. అంటే సగానికి సగం పెరిగింది. కంపెనీ దృష్టిలో ఇంతకంటే మంచి కలెక్టరు వుంటాడా?

అయినా ఆయన లెక్కలు తెలిసినవాడు గనుక తన అంకెలే తనకు ఎదురు చెబుతున్నాయని గుర్తించాడు. 1807 ఆగస్టులో, దేశానికి పోబోయే ముందు, పైవాళ్లకు ఒక సిఫారసు రాశాడు. శిస్తు మొత్తంమీద నూటికి 25 తగ్గించాలి. రైతే బావి తవ్వుకుని, లేదా వాగులోంచి నీళ్లు ఎత్తిపోసుకుని చేసే సేద్యానికి ఇంకో 8 తగ్గించాలి. 45లో నాలుగోవంతు తీస్తే 34కు లోపు, అంటే పంటలో మూడోవంతు. అంతకు మించితే భూమికి అమ్మకం విలువే వుండదు, రైతు దానిమీద పెట్టుబడి పెట్టడు అన్నది ఆయన వాదన సారాంశం. మంచి వాదనే. కాకపోతే ఏడేళ్లూ 45 వంతుల రేటు నడిపిన చేత్తోనే, పోయేటప్పుడు ఇది రాశాడు.

మద్రాసు ప్రభుత్వం ఆ సిఫారసును పక్కనబెట్టింది. పైగా 1808 నుంచి రైత్వారీని తీసేసి ఊళ్లను కౌలుకిచ్చే పద్ధతి పెట్టింది. మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. కౌలుదార్లు చాలామంది దివాలా తీశారు. వాళ్లకంటే ముందు రైతులు దివాలా తీశారు. తగ్గింపు అమలుకు రావడానికి మన్రోయే మద్రాసు గవర్నరుగా తిరిగి రావలసి వచ్చింది. 1807లో తెలిసిన నిజం 1820లో ఆర్డరు అయింది. ఆ పదమూడేళ్లూ ఎవరి కళ్లంలోంచి గింజలు పోయాయో చెప్పనక్కరలేదు.

ఈ మధ్యలో 1813లో జరిగిన సంగతి మా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలోకీ ముఖ్యమైనది. కంపెనీ పట్టా కాలపరిమితి ముగిసి, దాన్ని పొడిగించడంపై లండను పార్లమెంటు విచారణ జరుపుతున్నది. ఇంగ్లండు మిల్లు యజమానులకు హిందూదేశం సంత కావాలి. అక్కడి జనం మన సరుకు కొంటారా అని పార్లమెంటు కమిటీ మన్రోను అడిగింది. ఆయన తనకు తెలిసిన లెక్కలు చెప్పాడు. వ్యవసాయ కూలికి నెలకు వచ్చేది నాలుగు నుంచి ఆరు షిల్లింగులు. ఒక మనిషి ఏడాది బతకడానికి అయ్యే ఖర్చు 18 నుంచి 27 షిల్లింగులు. అప్పట్లో రెండు షిల్లింగులంటే మన రూపాయికి కాస్త అటూ ఇటూ. కాబట్టి వాళ్లు ఇంగ్లీషు వున్నిబట్టలు కొనే ప్రశ్నే లేదు, వాళ్ల ముతక కంబళ్లు వాళ్లే నేసుకుంటారు అన్నాడు.

దొర అక్కడ ఆగాడు. ఆయన్ని అడిగింది అమ్మకం గురించి, ఆయన జవాబు చెప్పింది అమ్మకం గురించి. ఇప్పుడు అవే అంకెలు మనం తీసుకుని గుణించి చూద్దాం. అన్నింటికన్నా పెద్ద కూలి ఆరు షిల్లింగులు. ఏడాదికి పన్నెండు నెలలూ ఒక్కరోజు నాగా లేకుండా పని దొరికిందనుకుందాం. ఆరు పన్నెండ్లు 72. అన్నింటికన్నా తక్కువ తిండి ఖర్చు మనిషికి 18. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు. నాలుగు పద్ధెనిమిదులు 72. ఎంత సరిగ్గా తెగిపోయిందో చూడండి! పెద్ద కూలి, పూర్తి ఏడాది పని, అతి తక్కువ తిండి, ఈ మూడూ కలిసివస్తేనే నలుగురి ప్రాణం నిలబడుతుంది. ముసలి తల్లి వుంటే నిలబడదు, మూడో బిడ్డ పుడితే నిలబడదు, పది రోజులు జ్వరం వస్తే నిలబడదు. పోనీ కూలి నాలుగు షిల్లింగులే అనుకుంటే ఏడాదికి 48. అందులో ఇద్దరు బతకగలరు, మూడోవాడికి గింజలు చాలవు. మన మెట్టలో వానాకాలం పనులు, కోతలు పోతే కూలికి పిలిచేవాడెవడు? పన్నెండు నెలల పని ఏ కూలీ చూశాడు? ఆడవాళ్లు చేలో వంగందే, పిల్లలు పసులవెంట పోందే, షావుకారు దగ్గర అప్పు చేసి ఎవరో ఒకరు రెడ్డి ఇంట జీతానికి కుదరందే ఆ ఇల్లు గడవదని దొర చెప్పిన అంకెలే రుజువు చేస్తున్నాయి. ఇది రెండో ఎక్కం కంటే కష్టమైన గణితమేమీ కాదు. అయినా పార్లమెంటులో ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇంకో సంగతి. పొలం పొలానికీ రాసిన ఆ మహా చిట్టాల్లో కూలీకి గడి లేదు. సర్వే నెంబరు వుంది, తరం వుంది, శిస్తు వుంది, పట్టాదారు పేరు వుంది. నేలను దున్నినవాడు, కోసినవాడు, నూర్చినవాడు లేడు. ప్రభుత్వానికి శిస్తు కట్టేవాడే మనిషి, కట్టనివాడు లెక్కలోకి రాడు. ఈ గడి సమస్య ఇప్పటికీ తీరలేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మళ్లీ భూముల సర్వే మొదలైనప్పుడు గొలుసు బదులు డ్రోను ఎగిరింది. కొలత సూక్ష్మమైంది. కానీ 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు కావాలంటే ఇప్పటికీ భూయజమాని సంతకం పెట్టాల్సిందే. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గుంటూరు జిల్లా అనంతవరంలో గ్రామ సర్వే జరిపి, ఏ వర్గానికి ఎంత భూమి, ఎంత ఆదాయం అని పట్టికలు కట్టింది ఈ గడిని చేర్చడానికే. మన కార్యకర్తల్లో ఆ ఓపిక వున్నవాళ్లు ఎంతమందో!

1820 జూన్‌లో గవర్నరైన మన్రో లెక్కల మీద మక్కువ వదులుకోలేదు. 1822లో ప్రతి కలెక్టరుకూ ఒక నమూనా పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లెంతమంది, ఏ కులం, ఆడా మగా రాయండి అని. జవాబులన్నీ చేరేసరికి నాలుగేళ్లు పట్టింది. 1826 మార్చిలో ఆయన వాటిని ఇట్లా విప్పాడు. రాజధాని మొత్తం జనాభా 1,28,50,941. అందులో సగం మగవాళ్లు. వాళ్లలో అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలు తొమ్మిదోవంతు అనుకుంటే సుమారు 7,13,000. బళ్లలో వున్న మగపిల్లలు 1,84,110. అంటే నలుగురిలో ఒకడికి కాస్త పైన. ఇళ్లవద్ద చదివేవాళ్లను కూడా కలిపితే ముగ్గురిలో ఒకడు కావచ్చునని ఆయన అంచనా. ఆనాటి ఐరోపాలో చాలా దేశాలతో పోలిస్తే ఇది తక్కువేమీ కాదని కూడా ఒప్పుకున్నాడు. ఇక్కడి జనం ఏమీ తెలియని అనాగరికులని చెప్పుకునే దొరల నోటికి ఇది తాళం.

అయితే సగటు మళ్లీ మనల్ని మోసం చెయ్యకూడదు. పత్తికొండ అప్పుడు బళ్లారి జిల్లాలో వుంది. ఆ జిల్లా కలెక్టరు, తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్, 1823లో పంపిన లెక్క చూడండి. జనాభా 9,27,857. బడులు 533. చదివేవాళ్లు 6,641. వెయ్యిమందికి ఏడుగురు. ఆ 6,641లో ముస్లిం పిల్లలు 243 పోగా మిగిలిన హిందువుల్లో ఆడపిల్లలు 60. తొమ్మిది లక్షల జనంలో అరవైమంది! చదువు తగ్గిపోవడానికి కారణం దేశంలో పెరిగిన పేదరికమేననీ, ఇంగ్లీషు బట్ట వచ్చి నేతగాళ్ల నోటికాడ కూడు తీసిందనీ కాంప్‌బెల్ దాచకుండా రాశాడు. 1813లో కొనలేరని మన్రో చెప్పిన జనంచేత పదేళ్లలోనే మిల్లుబట్ట కొనిపించారు. నవాబు ఏలుబడి కాబట్టి కల్లూరు పిల్లలు ఈ లెక్కలోనూ లేరు.

1827లో పదవి ముగించుకుని ఇంటికి పోబోతూ మన్రో దత్త మండలాలను కడసారి చూడాలని బయల్దేరాడు. అప్పుడు ఈ ప్రాంతంలో కలరా వుంది. జులై 6న పత్తికొండ మకాంలో అదే జబ్బుతో ఒక్కరోజులో పోయాడు. గుత్తిలో పూడ్చారు, కొన్నేళ్లకు ఎముకల్ని మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేర తోపు వేశారు, బావి తవ్వించారు.

ఆయన కట్టిన పద్ధతి ఆయనతో పోలేదు. శిస్తు సగటు మీద, బతుకు వాన మీద నడిచింది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువుకు ముందూ వెనకా జరిగిన జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. 1871లో కర్నూలు జిల్లా జనం తొమ్మిది లక్షల పైచిలుకు. 1881లో ఏడు లక్షల లోపు. నలుగురిలో ఒకరు లేరు. ఆ లేనివాళ్లలో పట్టాదార్లెందరు, కూలీలెందరు అన్న గడి ఆ పట్టికలోనూ లేదు.

మద్రాసు మౌంటురోడ్డు మీద గుర్రంపై కూచున్న మన్రో విగ్రహాన్ని 1839 అక్టోబరులో నిలబెట్టారు. అదే ఏడు కంపెనీ పటాలం కర్నూలు కోటను పట్టుకుని నవాబును దించేసింది. అక్కడితో కల్లూరు పొలాలు కూడా కంపెనీ చిట్టాలోకి ఎక్కాయి.